చివరి మడికి మొదటి మాట

మా మేనత్త పోయిందన్న కబురు సూర్యాపేటల మా పక్కింటోళ్ల ఫోనుకు వచ్చింది. ఆ ఇంటామె గోడ మీది నుంచి పిలిచి, సారూ మీ ఊరి నుంచి ఫోను, జర జల్దీ రండి అన్నది. ఆమె గొంతు తీరుతోనే నాకు సంగతి అర్థమయింది. అవతల మా తమ్ముడు. అత్త పొద్దున మడికాడికి పోయొచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూసొని చాయ్ తాగిందట. గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగిందట. అంతే. డెబ్బై దాటిన మనిషి, ఎవ్వరిని ఒక్కపూట గూడ పరేషాన్ చెయ్యకుండ పోయింది. నాకు ఏడుపు రాలె, ముందుగాల నా మీద నాకే కోపం వచ్చింది. పోయిన నెల ఊరికి పోయినప్పుడు ఇంకో రెండు దినాలు ఉండు అల్లుడా అంటె, పరీక్ష పేపర్లు దిద్దాలె అని బస్సెక్కిన. ఆ పేపర్లు ఇంకా దిద్దలె.

ఆమె ఎవరో మీకు తెల్వదు. పేపర్లల్ల ఫోటో వచ్చిన మనిషి కాదు. మిర్యాలగూడకు, మాడుగులపల్లికి నడుమ ఉన్న మా ఊళ్లె, సాగర్ కాల్వ నుంచి చీలిన పిల్లకాల్వ ఒకటి పొలాలల్ల పడి పారుకుంట వచ్చి ఒకకాడ ఆగిపోతది. ఆ ఆగిపోయిన కాడ ఉంటది మా అత్త ఎకరం పావు. దాని తర్వాత పారడానికి కాల్వ లేదు, పారించడానికి మడి లేదు, అంత పల్లేరుకాయల బీడు. ఆమె మొగడు చిన్నతనంలనే పోయిండు, పిల్లలు లేరు. పంట లేని కాలంల మిర్యాలగూడ మిల్లులల్ల వడ్లు ఆరబోసే పనికి పోయేది. చదువు లేదు, ఏలిముద్ర. అసొంటి మనిషి ఒకసారి విమానం ఎక్కి, దేశదేశాల పెద్దలు కూసున్న సభల నిలబడి మాట్లాడి వచ్చింది. ఆ మూడు దినాలు పక్కన నిలబడి ఆమె మాట ఇంగ్లీషుల చెప్పినోణ్ని నేను. ఇప్పటికీ తలుసుకుంటె ఒళ్లు జలదరిస్తది. ఆమె గొప్పతనం ఆడ కనపడ్డది, నా చిన్నబుద్ధి గూడ ఆడనే బయటపడ్డది. రెండూ దాచకుండ చెప్త.

మా ఇండ్లల్ల పెండ్లయినా, పోచమ్మ పండుగయినా, బంతిల కూర వడ్డించుడు ఆమెకే అప్పజెప్పేటోళ్లు. ఆమె గిన్నె పట్టుకొని మొదటి విస్తరాకు కాడ ఆగేది కాదు. చరచర నడుసుకుంట చివరాకరి ఆకు కాడికి పోయి, ఆడ నుంచి మొదలుపెట్టేది. ముందు కూసున్న పెద్దమనుషులు మొఖాలు ముడుసుకునేటోళ్లు. "ముక్కలు ముందు ఆకులకు, పులుసు చివరి ఆకులకు. లోకం తీరు గదే గద. నా చేతుల గిన్నె ఉన్నంతసేపన్న దాన్ని ఎనుకకు మరలనియ్యుండ్రి" అనేది. రేషన్ దుకాణం కాడ లైన్ల నిలబడ్డా, దవాఖానల చీటీ కోసం నిలబడ్డా, తన వంతు రాంగనే ఒకసారి వెనుకకు తిరిగి, నా వెనుకాల ఇంకెవలన్న ఉన్నరా అని అడిగేది. ముసలోళ్లో, చంటిపిల్ల తల్లో ఉంటె ఇగ అంతే, మేము పక్కకు జరగాలె. చిన్నప్పుడు ఆమెతోని ఏడికన్న పోవాల్నంటె మాకు పాణం మీదికొచ్చేది.

నేను కోదాడల ఒక కాలేజిల ఇంగ్లీషు చెప్పే కొలువుకు కుదిరినంక నన్ను ఏడిపించుడు ఆమెకు ఇంకింత ఎక్కువయింది. కోదాడ ఆంధ్ర పొలిమేర మీద ఉంటది గద, నా నోట్లెకు వెళ్లారా, వచ్చారా అనే మాటలు తెల్వకుండనే వచ్చి చేరినయి. నీ నోట్లె రెండు కాల్వలు కలిసినయిరా అల్లుడా, ఎప్పుడేది పారుతదో నీకన్న ఎరుకేనా అని నలుగుట్ల నవ్వేది. నేను ఉడుక్కునేటోణ్ని.

ఇగ అసలు సంగతికి వస్త. అవి ఎనభైలు. నార్లు పోసే ముందు నీళ్ల వంతుల గురించి ఊరంత బడి అరుగు మీద కూడేది. తూముకు దగ్గరున్న ఎగువ రైతులు ముందు మాట్లాడేటోళ్లు. ఎవరికెన్ని దినాలు, ఎవరి తర్వాత ఎవరు అని వాళ్లు మాట్లాడి మాట్లాడి, చివరి మడులోళ్ల వంతు వచ్చేటాల్లకు బర్లు ఇంటికొచ్చే యాళ్లయ్యేది. అందరు లేచి పంచెలు దులుపుకునేటోళ్లు. ఏటేటా ఇదే తంతు. ఒక ఏడు మా అత్త లేచి నిలబడ్డది. ఆ కూటమిల ఆడమనిషి లేసుడే వింత ఆ రోజులల్ల.

"నీళ్లు మీకు ముందు పారుతయి. అది కాల్వ గుణం, మీ తప్పు కాదు. మాటన్న మాకు ముందు రానియ్యుండ్రి" అన్నది.

మొదటి తూము కాడి పెద్దరైతుకు కోపమొచ్చింది. మాట ముందు చెప్తె నీళ్లు ముందొస్తయా అని ఎగతాళి చేసిండు. ఆమె తగ్గలె. నీళ్లు వచ్చినోడు తన మడికాడనే ఆగుతడు, రానోడే నా నీళ్లేమయినయి అని దేవులాడుకుంట కాల్వ పొడుగునా నడుస్తడు, ఏడ గండి పడ్డదో, ఏడ ఎలుక బొక్క ఉన్నదో వానికే ఎరుక అన్నది. సరే ఒక్కసారి చూద్దమని ఆనాడు చివరోళ్లను ముందు మాట్లాడనిచ్చిండ్రు. వాళ్లు చెప్పిన గండ్లు, బొక్కలు పూడుస్తె ఆ ఏడు నడిమి మడులకు గూడ నీళ్లు మంచిగ అందినయి. ఇగ అప్పటి నుంచి మా ఊళ్లె అది కట్టుబాటయింది. చివరి మడి ఎవరిదో వాళ్లదే మొదటి మాట. అందరికంటె చివర మా అత్త మడి. అందుకని ప్రతి కూటమి ఆమె మాటతోనే మొదలయ్యేది.

ఇంకో కట్టుబాటు మా నాయిన వల్ల వచ్చింది. ఇది రాసుడు నాకు కష్టమే. మా నాయిన ఆమెకు తమ్ముడు, ఊళ్లె నాలుగు అక్షరాలు వచ్చినోడు. కాల్వ పనేమొచ్చినా ఆఫీసుకు ఆయననే పంపేటోళ్లు. ఒకసారి పోతె ఆడి పెద్దసారు కుర్చీ ఏసి, చాయ్ తెప్పించి, కాల్వకు మరమ్మతు ఉన్నది, నీళ్లు జర ముందే బంద్ చేస్తం, మీ ఊరికి సమ్మతమేనా అని అడిగిండట. ఎన్నడు కూసోమననికాడ కుర్చీ ఏసి చాయ్ ఇచ్చి అడిగితె మా నాయిన ఏమంటడు? సరే అన్నడు. ఆ ఏడు చివరి మడులల్ల వరి పొట్ట మీదనే ఎండిపోయింది. మా అత్తదీ ఎండింది. ఆమె తమ్ముణ్ని ఒక్క మాట అనలె. ఎప్పటిలెక్కనే మా ఇంటికొచ్చి అన్నం తిన్నది. మళ్ల కూటమిల మాత్రం లేచి, "పోయినోళ్లు అడగాలె, వినాలె, వచ్చి చెప్పాలె. సరే అనుడు ఊరి పని" అన్నది. అప్పటి నుంచి ఊరి తరపున ఎవరు యాడికి పోయినా ఆడ ఒప్పుకునుడు లేదు, ఊరిని అడిగి చెప్తం అనుడే. మా నాయిన అయితె బతికినన్నాళ్లు, కూరల ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగినా జర ఆలోచించే జవాబు చెప్పేటోడు.

తొంభైలల్ల సూర్యాపేట దిక్కు పల్లెలల్ల పనిచేసే ఒక సంస్థ మేడమ్ మా ఊరి కట్టుబాట్ల గురించి విని వచ్చింది. రెండు కూటములల్ల వెనుక కూసొని చూసింది. కొన్నాళ్లకు ఒక కబురు తెచ్చింది. ప్రపంచ దేశాలన్ని కూడి, నీళ్లు, నేల, అడవి ఇప్పటోళ్ల అవసరం తీర్చుకుంటనే ముందు తరాలకు గూడ మిగిలేటట్టు ఎట్ల వాడుకోవాలె అని ఒక ఒప్పందం రాసుకుంటున్నయట. అందుల సర్కార్ల మాటే కాదు, నేల మీద పనిచేసే మామూలు జనం మాట గూడ ఉండాలె అని వాళ్ల ప్రతినిధులను పిలుస్తున్నరట. మా అత్తకు మూడు నిమిషాలు మాట్లాడే వీలు దొరికింది, ఇంగ్లీషు వచ్చినోళ్లు ఒకరు తోడు రావాలె అన్నది. నాకైతె కాళ్లు భూమ్మీద ఆగలె. మా అత్త మాత్రం, ఆ మూడు నిమిషాలు నావి కావు, ఊరివి, ఊరిని అడగాలె అన్నది. మూడు నిమిషాల మాట కోసం ఊరు మూడు దినాలు కూడింది, చివరి మడి నుంచి మొదటి తూము దాక. ఆఖరికి ఆమెకు ఊరు ఒప్పజెప్పింది ఒక్కటే మాట, చివరోళ్లను ముందు అడగాల్నని. ఊరిని అడగకుండ సరే అనొద్దన్నది మళ్ల ఒప్పజెప్పాల్సిన పని లేదు, అది ఆమె పెట్టిన కట్టుబాటే.

జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు కట్టుకొని పోయినం. విమానంల మాది చివరి వరుస. అన్నం బండి ముందు నుంచి మొదలై మా కాడికొచ్చేటాల్లకు కూర అయిపోయింది, రొట్టె ముక్క, వెన్న మిగిలినయి. మా అత్త పడీ పడీ నవ్వింది. ఇంత పైకి వచ్చినా చివరి ఆకు చివరి ఆకేరా అని తన మూట విప్పి నాకింత తొక్కు పెట్టింది. తర్వాత కిటికీకి మొఖం ఆనిచ్చి, కింద తెల్లగ పరుసుకున్న మబ్బులను చూసింది. గిన్ని నీళ్లున్నయి గద, మనకాడికి రావడానికే దారి దొరకదా అన్నది.

అది చలిదేశం. నా పెండ్లి సూటు నాకు బిగుతయింది. ఆమె నేతచీర మీద మా నాయిన స్వెట్టర్ తొడుక్కున్నది. ఆ హాలు మా ఊరంత పట్టేటంత ఉన్నది. ముందు వరుసలల్ల దేశాల పేర్లు రాసిన పలకలు, వాటి ముందు సర్కారు మనుషులు. మాసొంటోళ్లను పౌర సమాజ ప్రతినిధులు అని పేరు పెట్టి, వెనుక వరుసలల్ల కూసోబెట్టిండ్రు. పొద్దంత సర్కార్లు మాట్లాడాలె, ఆఖర్ల టైమ్ మిగిలితె మేము. నేను ఇదంత విడమరిచి చెప్తె ఆమె ముసిముసిగ నవ్వింది.

"అల్లుడా, గీడ గూడ మనది చివరి మడే" అన్నది.

మొదటి దినం టైమ్ మిగలలె. రెండో దినం సాయంత్రం, అందరు సంచులు సర్దుకునే యాళ్ల మా అత్త పేరు పిలిచిండ్రు. ఆమె మా బడి అరుగు మీద నిలబడ్డట్టే నిలబడ్డది. మా పిల్లకాల్వ గురించి చెప్పింది. నీళ్లు రానోడే కాల్వంత నడుస్తడు కాబట్టి కాల్వ సంగతి వానికే ఎరుక, మీరు రాసే కాయితంల ఏడ గండి ఉన్నదో తెల్వాల్నంటె చివరున్నోళ్లను ముందు అడగుండ్రి అన్నది. నేను ఒక్కొక్క మాట ఇంగ్లీషుల చెప్పుకుంట పోయిన. సంచులు సర్దుడు ఆగింది. చెవులకు పెట్టుకునే యంత్రాలల్ల నా ఇంగ్లీషు మళ్ల ఎన్నెన్నో భాషలల్లకు పోతున్నది. ఎక్కడి మా ఊరు, ఎక్కడి మనుషులు! ఇంకో నిమిషం మిగిలి ఉండంగనే ఆమె మాట ఆపి, వెనుకకు తిరిగి, నా వెనుకాల ఇంకెవలన్న ఉన్నరా అని అడిగింది. రేషన్ దుకాణం కాడ అడిగినట్టే. ఏదో దీవి నుంచి వచ్చిన ఒకామె, చాపలు పట్టి బతికే మనిషి, రెండు దినాల నుంచి చేయి ఎత్తుకుంటనే ఉన్నది. ఆమె లేచింది. మిగిలిన నిమిషం ఆమెకిచ్చి మా అత్త కూసున్నది.

సభకు పెద్దగ ఉన్నాయన తన ముందున్న కాయితం మీద ఏదో రాసుకున్నడు. తెల్లారి పొద్దున సభ వెనుక వరుస నుంచి మొదలుపెట్టిండు. ఒక్కపూటే. మధ్యాహ్నం నుంచి మళ్ల ఎప్పటి తంతే. అయినా ఆ ఒక్కపూట నేను నా కండ్లతోని చూసిన. మా బడి అరుగు మీద ఏలిముద్ర మనిషి పెట్టిన కట్టుబాటును అన్ని దేశాలు కూసొని పాటించినయి. నేను చదివిన చదువంత తీసుకపోయి ఆమె కాళ్ల కాడ పెట్టాలె అనిపించింది.

అనిపించింది గని, ఆ పూటనే నేను చేసిన నిర్వాకం వినుండ్రి. వెనుక వరుసలోళ్లందరి తరపున ఒక ఉమ్మడి పత్రం తయారయింది. ఒక పెద్దమనిషి కలం పట్టుకొని, ఒక్కొక్కరి కాడికొచ్చి, మీకు సమ్మతమేనా అని అడిగి పేరు రాసుకుంటున్నడు. అందరు తలలూపుతున్నరు. నేను పత్రంల ఉన్నదంత మా అత్తకు తెలుగుల చెప్పిన. ఆమె సాంతం విని, మంచిగనే ఉన్నది, ఊరిని అడిగి చెప్తనని చెప్పు అన్నది. పెద్దమనిషి నా మొఖంలకు చూస్తున్నడు. ఆయన వెనుక ఇంకా మంది ఉన్నరు. నాకు చెడ్డ సిగ్గయింది. ఇంత పెద్ద సభల ఈ పల్లెటూరి మాట ఎట్ల చెప్పాలె అనుకున్న. ఒప్పుకుంటున్నది అని చెప్పేసిన. ఆయన పేరు రాసుకొని పోయిండు. ఆమెకు ఇంగ్లీషు రాదు గద, ఎట్ల తెలుస్తదిలే అనుకున్న.

మధ్యాహ్నం కాఫీ కాడ ఆ పెద్దమనిషే ఎదురైండు. మా అత్త రెండు చేతులు పట్టుకొని సంబరంగ ఊపిండు. ఆయన పోయేదాక ఆమె నవ్వుమొఖంతోనే ఉండి, తర్వాత నా దిక్కు తిరిగింది. నేనింకా మాట ఇయ్యలేదు గద, ఆయనకు గింత సంబరమెందుకు అని అడిగింది. అబద్ధం చెప్దమని నోరు తెరిచిన. ఆ కండ్లల్లకు చూసి చెప్పలేకపోయిన. జరిగింది చెప్పిన. ఆమె కొంచెంసేపు నా చేతులున్న కప్పు దిక్కు చూసింది.

"నువ్వు గూడ చాయ్ తాగినవా, అల్లుడా?" అన్నది.

చెంప మీద ఒక్కటిచ్చినా అంత బాధ కాకపోవు. మా నాయిన కుర్చీ, మా నాయిన చాయ్, ఎండిన చివరి మడులు, అన్ని నా కండ్ల ముందు తిరిగినయి.

పా, పోయి చెప్పొద్దం అన్నది. నేను బతిమిలాడిన. పత్రం అచ్చయింది, కట్టలు కట్టలు బల్ల మీద ఉన్నయి, అందరు ఒప్పుకున్నదే, అందుల తప్పేం లేదు గద అన్న. ఆమె గొంతు పెంచలె.

"కాయితంల తప్పున్నదని కాదు బిడ్డా. నన్ను పంపినోళ్లు దాన్ని ఇంకా చూడలె. వాళ్లు చూడకముందే నేను సరే అంటె, ఇగ నేనెవలి మనిషిని?"

ఆ మాట తీసుకపోయి ఆ పెద్దమనిషికి, ఈసారి ఒక్క ముక్క మార్చకుండ చెప్పిన. తప్పు నాదని గూడ చెప్పిన. ఆయన మొఖం మాడ్చుకున్నడు, మళ్ల అచ్చు వేసే టైమ్ లేదన్నడు. ఇగ నేనే బల్ల ముందు కూసొని, ఒక్కొక్క ప్రతిల మా అత్త పేరు మీద కలంతోని గీత కొట్టిన. పొద్దుగూకేదాక కొట్టిన. ఆమె పక్కన కూసొని ఒక్కొక్క ప్రతి తీసి నా ముందట పెట్టుకుంట పోయింది. నా చెయ్యి గుంజినప్పుడు ఆపి, రొట్టె తుంచి ఇచ్చేది. తిట్టలె, ఓదార్చలె. ప్రతినిధి అన్న మాటకు కోదాడ కాలేజిల పిల్లలకు ఎన్నిసార్లు అర్థం చెప్పిన్నో లెక్కలేదు. నాకు అర్థమయింది మాత్రం ఆ బల్ల కాడనే.

ఊరికొచ్చి ఆ పత్రం బడి అరుగు మీద పెట్టినం. నేను ఒక్కొక్క వాక్యం తెలుగుల చదివిన, ఊరు ఒక్కొక్క వాక్యం నమిలింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. నీళ్లు అందరికి అవసరాన్ని బట్టి న్యాయంగ పంచాలె అని ఒకకాడ ఉన్నది. చివరి నుంచి రెండో మడి ముసలాయన, ఎవలి అవసరం ఎంతనో చెప్పేదెవలు అని అడిగిండు. అంత పెద్ద హాలుల ఎవ్వరికి తట్టని ప్రశ్న అది. చివరున్నోళ్లను ముందు అడిగి పంచాలె అని ఒక మాట కలపమని ఊరంత అన్నది. మొదటి తూము పెద్దరైతు గూడ చేయెత్తిండు. ఊరు సరే అన్నంక మా అత్త ఏలిముద్ర ఏసింది. నేను మిర్యాలగూడ పోయి రిజిస్టర్ పోస్టుల పంపిన.

శానా నెలలకు జవాబొచ్చింది, సభ అయిపోయింది, మీ మాట ముందు ముందు చూస్తం అని. ఊళ్లె కొందరు నవ్విండ్రు. రెండేండ్లు గడిచినంక సూర్యాపేట మేడమ్ ఇంకో కొత్త పత్రం తెచ్చి చూపెట్టింది. అందుల అసొంటి మాటే ఒకటి ఉన్నది, దిగువన ఉన్నోళ్లను ముందుగ సంప్రదించాలె అని. అది మా ఊరి మాటనో, ఇంకే ఊరి మాటనో ఎవ్వరికి తెల్వదు. నేను ఎగిరి గంతేసి మా అత్త ఇంటికి ఉరికిన. ఆమె చేటల బియ్యం చెరుగుతున్నది. ఎవలిదైతేంది, చివరి దాక పారితె సాలు అని మళ్ల చెరుగుకుంట కూసున్నది.

పదకొండో దినం నాడు ఆమె మడి పక్క బీడుల శామియానా ఏసినం. హైదరాబాద్ నుంచి, సూర్యాపేట నుంచి కార్లల్ల శానామంది వచ్చిండ్రు. ఆమె గురించి నాలుగు మాటలు మాట్లాడుతమన్నరు. నేను గూడ నాలుగు పేజీలు రాసుకొని జేబుల పెట్టుకున్న. హైదరాబాద్ పెద్దాయన ఒకరు మైకు అందుకోబోతుంటె, మొదటి తూము పెద్దరైతు చేతికట్టె ఊతంగ లేచిండు. ఆయనకిప్పుడు ఎనభై దాటినయి, చూపు ఆనదు. ఒకప్పుడు ఆమెను ఎగతాళి చేసిన మనిషి.

"జర ఆగుండ్రి సారూ. మా ఊళ్లె మొదటి మాట చివరి మడోళ్లది" అన్నడు.

ఆ పెద్దాయన మర్యాదస్తుడే. మైకు ఇడిసిపెట్టి, అట్లయితె వాళ్లనే రమ్మనుండ్రి అన్నడు. ఎవ్వరు కదలలె. ముసలి రైతు చేతికట్టె ఎత్తి మా అత్త మడి దిక్కు చూపెట్టిండు.

"ఆమెనే. ఆమె వంతు కానియ్యుండ్రి, తర్వాత మనం" అని కూసున్నడు.

ఊరంత కూసున్నది. కార్లల్ల వచ్చినోళ్లు గూడ కూసున్నరు. మడి గట్టు పక్కన మైకు ఒక్కటే నిలబడ్డది. కొందరు నా దిక్కు చూసిండ్రు, ఆమె మాట చెప్పేటోణ్ని నేనే గద. నేను తలకాయ వంచుకొని కూసున్న. ఈసారి ఒక్క మాట గూడ కలపలె. నిన్న తూము కాడ ఇడిసిన నీళ్లు ఊరి పొలాలన్ని దాటుకొని అప్పుడే చివరికొచ్చినయి. నీళ్లు దిగడానికి గట్టు తెంపి కొట్టిన మడవల నుంచి ఆమె మడిలకు దిగుతున్న నీళ్ల చప్పుడు, ఆ మైకుల నుంచి అందరికి వినపడుతున్నది.